గులాబి సిరా

హైదరాబాదునకు పడమట, గోలకొండ కోటకు కొలది మైళ్ల దూరమున, నార్సింగి యను నూరు కలదు. ఒక తరము క్రిందటివఱకు అది పొలములును రాతిగుట్టలును చుట్టిన పల్లె. నేడు దాని ప్రక్కగా అవుటర్ రింగు రోడ్డు సాగినది. కోకాపేట, గచ్చిబౌలి దిక్కుల అద్దముల మేడలు లేచినవి. ఆ మేడలలో పనిచేయువారు దినమంతయు వ్రాయుచునే యుందురు గాని వారి వ్రేళ్లకు సిరా యంటదు. ఒక మీట నొక్కినచో తెరమీద అక్షరము పుట్టును. ఇంకొక మీట నొక్కినచో పోవును. ఇట్టిచోటను సిరా నింపుకొని వ్రాయు కలములను కోరి కొనువారు కలరు. వారిలో కొందఱు నీలమును నలుపును విడిచి గులాబిసిరాను వెదకుచున్నారు. బుడ్డిమీది చీటిపై కనబడిన వన్నె కాగితముమీద కనబడదు. కాగితముమీద మెచ్చిన వన్నె కొన్నాళ్లకు నిలువదు. సరియైన గులాబి యేది యని వారి ప్రశ్న.

ఇది తీరికగలవారి ముచ్చటగా మాత్రమే కొందఱికి తోచవచ్చును. మా కట్లు తోచుటలేదు. గోలకొండ సుల్తానుల యేలుబడిలోని తెలుగునాట ఎఱుపును, ఎఱుపునుండి గులాబిని తీయు విద్య లోకప్రసిద్ధి గాంచినది. ఆ విద్యలో నిలుచు గులాబి యొకటి, నిలువని గులాబి యొకటి యుండెను. మన సిరాబుడ్డిలోనికి వచ్చినది ఈ రెంటిలో రెండవ జాతిది. ఎట్లు వచ్చినదో తెలిసికొన్నచో దేనిని గులాబితో వ్రాయవచ్చునో, దేనిని వ్రాయరాదో మనకే తెలియును.

ముందుగా పేరు. గులాబి యను మాట పారసీకమునుండి వచ్చినది. గుల్ అనగా పువ్వు, ఆబ్ అనగా నీరు. గులాబ్ మొదట పన్నీటికి పేరై, పిదప పువ్వునకును, పువ్వునుండి వన్నెకును వ్యాపించినది. అంతకు పూర్వము మనకు ఈ వన్నె తెలియకపోలేదు. అమరకోశము దీనికి పాటల మని పేరు పెట్టి, తెలుపు కలిసిన ఎఱుపని లక్షణము చెప్పినది. స్పష్టపడని లేత ఎఱుపును అరుణ మనియు, కెందామర కాంతిని శోణ మనియు వేఱుగా గణించినది. పాటల మనునది తెలుగువారు కలిగొట్టు అని పిలుచు చెట్టు పేరే. మన పూర్వులును రంగును పువ్వుతోడనే గుర్తించి రన్నమాట.

తెలుపు కలిసిన ఎఱుపే గులాబి యన్న ఈ లక్షణములోనే సిరా చిక్కంతయు ఇమిడియున్నది. గోడకు రంగు వేయువాడు ఎఱుపులో సున్నమును కలిపి గులాబిని చేయగలడు. కలమునందు పోయు సిరాలో తెల్లని పొడిని కలుపుట కుదరదు. కలిపినచో అది అడుగునకు దిగి సన్నని త్రోవను మూసివేయును. కావున గులాబిసిరాలో తెలుపు లేదు. అది పలుచనైన ఎఱ్ఱని నీరు మాత్రమే. తెలుపును ఇచ్చునది కాగితము. పసుపుచాయగల కాగితముమీద అదే సిరా పగడపుచాయ నందును. నీలిచాయ కలిపిన తెల్లకాగితముమీద ఊదాచాయ నందును. ఒకే బుడ్డిని కొన్న యిద్దఱు రెండు వన్నెలను చూచి వాదులాడుకొనుట ఇందుచేతనే.

మన ప్రాచీనపు వ్రాతకు ఈ చిక్కు లేదు. తాటాకుమీద గంటముతో గీచి, పిదప మసియో పసరో పూసి తుడిచినచో గీతలలో నలుపు నిలిచి అక్షరము తేటపడెడిది. కాగితము వచ్చిన పిదప దీపపు మసిలో జిగురు కలిపి సిరా చేసిరి. కరక్కాయ కషాయమునందు అన్నభేది కలిపియు చేసిరి. ఈ రెండవ సిరా గుణము చిత్రమైనది. వ్రాయునప్పుడు పలుచగా నుండి, గాలి సోకినకొలది నల్లబడి, కాగితపు పీచులోనే కరగని పదార్థమై కూర్చుండును. కాలము దానిని మొదట ముదురజేయును. ఎఱ్ఱని వ్రాతకు ఇంగిలీకమును నూఱి వాడెడివారు. అది పొడి, బొరుగుడ్డ కలమునకు గాని కుంచెకు గాని సరిపడును.

గులాబి మాత్రము మన దేశమున కాగితముమీద గాక బట్టమీద పెరిగినది. పదునాఱు, పదునేడు శతాబ్దములలో గోలకొండ రాజ్యమునకు మచిలీపట్టణము ముఖ్యమైన రేవు. ఆంగ్లేయులు 1611లో అచ్చట వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. డచ్చివారు అంతకు కొలది యేండ్లు ముందే వచ్చిరి. వా రాశించిన సరుకులలో మేలైనవి అద్దకపు బట్టలు. ఆ బట్టల ఎఱుపు చిరివేరునుండి వచ్చెడిది. కృష్ణా ముఖద్వారమునకు దక్షిణమున, నేడు నిజాంపట్టణమని పిలువబడు పెదపల్లి ప్రాంతపు ఇసుకనేలలలోని చిరివేరునకు పాశ్చాత్య వర్తకులలో మంచిపేరుండెను.

ఈ ఎఱుపును తీయు పద్ధతి చదువరులు గమనింపదగినది. బట్టను కరక్కాయ నీటిలోను గేదెపాలలోను తడిపి యారవేయుదురు. పిమ్మట వెదురుకలముతో పటికనీటిని కావలసినచోట్ల పూయుదురు. కలంకారి యను పేరే కలపు పని యను నర్థముగల పారసీకపు మాట. ఆ పటికగీతలకు సొంత ఎఱుపు లేదు. బట్టను చిరివేరుతో కలిపి కాచినప్పుడు పటిక యున్నచోటనెల్ల ఎఱుపు పట్టుకొనును. లేనిచోట పట్టినది ఉతుకులో పోవును. పటిక చిక్కనైనచో ముదురు ఎఱుపు, పలుచనైనచో గులాబి. రంగును పలుచజేయక రంగును పట్టుకొను పటికను పలుచజేసి గులాబిని సాధించుట ఇందలి నేర్పు. ఆ గులాబియు ఎఱుపువలెనే పీచును గట్టిగా పట్టుకొనెను. ఆ కాలపు కోరమాండలు తీరపు బట్టలు లండనులోని విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నేటికిని తమ ఎఱుపును నిలుపుకొనియున్నవి.

నిలువని గులాబి కుసుమపువ్వునుండి వచ్చెడిది. నార్సింగికి పడమట తాండూరు ప్రాంతపు నల్లరేగళ్లలో కుసుమ పండును. నార్సింగికి దగ్గఱనే యున్న రాజేంద్రనగరములో 1977లో నేర్పడిన నూనెగింజల పరిశోధనాలయము ఈ పైరుమీదను పనిచేయుచున్నది. నేడు దీనిని నూనెకై పండించుచున్నాము గాని, పూర్వము దీని పూరేకులే అద్దకమువారికి ప్రధానము. విచ్చునప్పుడు పసుపుగానుండి వాడునప్పుడు ఎఱ్ఱనగు ఆ రేకులలో రెండు రంగు లున్నవి. పసుపురంగు చన్నీటిలో కరగిపోవును, ఎఱుపు కరగదు. కావున రేకులను పలుమాఱులు నీట పిసికి పసుపును పోగొట్టి, పిదప క్షారపు నీటిలో నానవైచి ఎఱుపును దింపి, నిమ్మరసమువంటి పులుసుతో విఱిచి బట్టకు పట్టించెడివారు. అట్లు వచ్చిన గులాబిని మించిన అందము లేదు. కాని దానికి పటికవంటి పట్టు లేదు. ఎండ దానిని తినివేయును. చాకలి సౌడు ఒక్క ఉతుకులో దానిని కరగించును. తలపాగాకు, పండుగబట్టకు అది చాలును. ప్రతియేడు మరల అద్దించుకొందురు. ఇది పోవునని అందఱెఱిగి వాడిరి గాన ఎవ్వరును మోసపోలేదు.

ఇంతలో ఐరోపాలో రసాయనశాస్త్రము ఈ వ్యవహారమును తలక్రిందులు చేసినది. 1856లో పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ తారునుండి ఊదారంగును తీసెను. 1859లో ఫ్రాన్సులోని లియాన్ నగరమున వెర్గాఁ యను నతడు తీసిన ముదురు గులాబిరంగునకు, ఆ యేటనే ఇటలీలో జరిగిన యుద్ధమును బట్టి, మెజంటా యని పేరు నిలిచినది. 1869లో జర్మను శాస్త్రజ్ఞులు గ్రేబే, లీబర్మన్ అలిజరినును ప్రయోగశాలలో తయారుచేసిరి. చిరివేరులోని ఎఱుపునకు మూలమైన పదార్థము ఇదియే. కర్మాగారములనుండి ఆ పొడి డబ్బాలలో దిగుమతి యైన పిదప, ఇసుకనేలలో ఏండ్లతరబడి కాచుకొని వేరు త్రవ్వి యమ్మువారి బ్రదుకు క్రమముగా సన్నగిల్లినది. చిరివేరును త్రవ్విన చేతుల పేళ్లను ఏ చరిత్రయు వ్రాసియుంచలేదు.

సిరాకు సంబంధించిన మార్పు 1874లో వచ్చినది. జర్మనీలో హైన్రిఖ్ కారో యను రసాయనవేత్త ఇయోసిన్ అను రంగును కనుగొనెను. ఇయోస్ అనగా గ్రీకులకు ఉదయదేవత. మన వేదములలోని ఉషస్సునకు భాషాశాస్త్రరీత్యా తోబుట్టువైన మాట. పేరునకు తగినట్లు అది నీటిలో తేటగా కరగి తెలవారు ఆకాశపు వన్నె నిచ్చును. ఎఱ్ఱసిరాలు చాలకాలము దీనితోడనే తయారైనవి. దీనిని పలుచజేసినచో పగడపుచాయగల గులాబి యగును. 1887లో రోడమైన్ పుట్టినది. గ్రీకుభాషలోని గులాబిపువ్వు పేరునుండియే దానికి పేరు వచ్చినది. అది నీలిచాయగల గులాబి. తనపై పడిన వెలుగును నారింజచాయతో మరల వెదజల్లు గుణముండుటచే అది మెఱయుచున్నట్లు కనబడును.

ఈ కొత్తరంగుల అందమును నమ్మినవారు ఎట్లు మోసపోయిరో తెలియుటకు ఒక్క యుదాహరణము చాలును. డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1890వ సంవత్సరము మే నెలలో గులాబిపువ్వుల చిత్రములను వ్రాసెను. వానిలో నతడు వాడిన ఎఱుపు ఇయోసినునుండి చేసినది. నేడు ప్రదర్శనశాలలలో చూచువారికి ఆ పువ్వులు తెల్లగానో, తెలుపునకు మిక్కిలి దగ్గఱగానో కనబడును. అవి మొదట గులాబివన్నెవే. ఆ తెలుపును ఎంచినవాడు చిత్రకారుడు కాడు, వెలుతురు. అంతటివాని చిత్రమునకే ఈ గతి పట్టగా మన జాబుల మాట వేఱుగా చెప్పనేల?

ఇక ఫౌంటెన్ పెన్ను సంగతి. 1884లో అమెరికాలో వాటర్మన్ అను నతడు సిరా తనంత తాను సమముగా దిగు కలమునకు అనుమతిపత్రమును పొందెను. అప్పటినుండి సిరాకు కొత్త నియమ మేర్పడినది. వెండ్రుకంత సన్నని కాలువలో ఎండక, పేరుకొనక, పాళీని తినివేయక ప్రవహింపవలెను. నూఱిన ఇంగిలీకమునకు ఇందు చోటు లేదు. అన్నభేది సిరాను మిక్కిలి జాగ్రత్తతో పలుచజేసిన గాని పనికిరాదు. నీట కరగు రంగులే రాణించినవి. పటికయు, కాచుటయు, ఉతుకుటయు లేని కాగితముమీద ఆ రంగులకు పట్టు కొఱతపడినది. బట్టమీద కుసుమగులాబికి ఏ లోటుండెనో, కాగితముమీద ఈ గులాబికిని చాలవఱకు అదే లోటు.

స్వదేశోద్యమకాలమున మనవారు కలమును, సిరాను సొంతముగా చేయబూనిరి. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నముగారు 1932లో రత్నం కలములను ప్రారంభించిరి. 1935లో గాంధిగారు ఆ కలమును మెచ్చి యుత్తరము వ్రాసిరి. బెంగాలులో 1934లో సులేఖ సిరా పుట్టినది. హైదరాబాదు అబిడ్సులోని డెక్కన్ పెన్ స్టోర్సువంటి అంగళ్లు ఈ కలములను నగరవాసులకు పరిచయము చేసినవి. ఆ కాలమున పాఠశాలలకును కచేరీలకును కావలసినవి నీలము, నలుపు, దిద్దుటకు ఎఱుపు. గులాబి యవసరములలో చేరలేదు. నేడైతే జపానునుండి కాస్మోస్ పువ్వు పేరిటి గులాబియు, ఫ్రాన్సునుండి సైక్లమెన్ పువ్వు పేరిటి గులాబియు ఇంటికే వచ్చును. మన దేశమునందును చిన్నచిన్న తయారీదారులు పలువన్నెలు చేయుచున్నారు. కొఱత వన్నెలకు లేదు; ఎంచుకొనుటకు కావలసిన కొలమానమునకే కొఱత.

ఆ కొలమానమును మాకు తోచినంత చెప్పెదము. మొదట చాయ. గులాబిసిరాలలో పగడమువైపు మొగ్గునవి కొన్ని, ఊదావైపు మొగ్గునవి కొన్ని. రాత్రి పసుపుదీపపు వెలుతురున ఎంచినది పగలు వేఱుగా కనబడును గాన పగటివెలుతురుననే ఎంచవలెను. రెండవది చదువదగుట. లేతవన్నె ముద్దుగా నుండును గాని ముసలివారి కన్నులకు అందదు. నలుపుతెలుపుల నకలు తీసినచో అసలే కనబడకపోవచ్చును. అత్తవారింటి ఆడపడుచు వ్రాసిన జాబును తల్లి కిటికీకడకు తీసికొనిపోయి చదువుకొనవలసివచ్చినచో ఆ అందము దేనికి? వెడల్పు పాళీతో వ్రాసినచో సిరా యెక్కువగా దిగి ముదురుచాయ వచ్చును. మూడవది కాగితము. గరుకు కాగితము సిరాను పీల్చి అక్షరపు అంచును చెఱచును. వ్రాయబోవు కాగితముమీదనే పరీక్షింపవలెను.

నాలుగవది నిలుకడ. దీనిని ఏ శాస్త్రశాలయు లేక ఇంటిలోనే తేల్చుకొనవచ్చును. ఒక కాగితముమీద అదే వాక్యమును రెండుమాఱులు వ్రాసి, ఒకదానిని దళసరి అట్టతో కప్పి, ఎండవచ్చు కిటికీలో ఒక నెల యుంచవలెను. పిదప రెంటిని ప్రక్కప్రక్కన చూచినచో ఎంత పోయినదో తెలియును. ఇంకొక వాక్యముమీద నీటిచుక్క నొకటి వేసి, కొంతసేపటికి అద్దుడు కాగితముతో తీసి, మిగిలినదానిని చదువుకొనవలెను. ఇల్లాండ్రును పిల్లలును కలిసి చేయదగిన పరీక్ష యిది. పుస్తకములోని రసాయనశాస్త్రము కన్నులయెదుట కనబడును.

పిల్లల ప్రస్తావన వచ్చినది గాన ఒక హెచ్చరిక. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరిలోను తమిళనాటను గులాబివన్నె పీచుమిఠాయిలో రోడమైన్ బయటపడగా అచ్చటి ప్రభుత్వములు ఆ మిఠాయి యమ్మకమును నిషేధించినవి. అద్దకమునకు చేసిన రంగు ఆహారమునకు తగదు. సిరాబుడ్డిని పిల్లల నోటికందని చోట నుంచుట మేలు.

గులాబి ఆడువారి వన్నె యని, మగవాడు దానితో వ్రాసినచో నవ్వుట కొందఱికి అలవాటు. ఇది మన పూర్వాచారమని వా రనుకొందురు. కుసుమగులాబిలో అద్దిన తలపాగాలు మగవారివే. అమెరికాలో 1918లో ఒక వర్తకపత్రిక గులాబి మగపిల్లలకును నీలము ఆడపిల్లలకును తగునని వ్రాసినది. తెలంగాణమున 2001లో స్థాపితమైన తెలంగాణ రాష్ట్ర సమితి ఈ వన్నెనే తన జెండాకు గైకొన్నది. ఒకే వన్నెకు వంద యేండ్లలో ఇన్ని యర్థములు మాఱగా, అందొకటి సృష్టినియమమని నమ్ముట అవివేకము. ఆడపిల్లకు గులాబిసిరాను, మగపిల్లవానికి నీలిసిరాను పంచి పెట్టు పెద్దలు తాము పంచునది సిరా మాత్రమే కాదని గుర్తింపవలెను. ఏ వన్నె కావలెనో బిడ్డలనే ఎంచుకొననిండు.

కొందఱు మిత్రులు ఇంకొక యాక్షేపణ చేయవచ్చును. నిలువదని తెలిసిన పిమ్మట గులాబిసిరా యెందులకు, విడిచివేయరాదా యని. విడువనక్కఱలేదు. మన పూర్వులు పండుగబట్టను కుసుమతోను, వర్తకపు బట్టను చిరివేరుతోను అద్దించిరి. రెండును తెలిసి, దేని చోట దాని నుంచిరి. మనమును అట్లే చేయవలెను. పుస్తకపు అంచున వ్రాసికొను గురుతులకు, నేటి పనుల పట్టికకు, స్నేహితురాలికి పంపు పుట్టినరోజు చీటికి గులాబి తగును. ఇంటి లెక్కలకు, అప్పుపత్రములకు, తాతమ్మ నోట విని వ్రాసికొను కుటుంబచరిత్రకు, బిడ్డ పుట్టిన గడియకు అది తగదు. అందుకు మసిసిరాయో, మంచి అన్నభేది సిరాయో వాడవలెను. గులాబియే కావలెనన్నచో, ఇటీవల మిక్కిలి సూక్ష్మముగా నూఱిన కరగని వర్ణచూర్ణములతో చేసిన సిరాలు దొరకుచున్నవి. ఇవి నీటికిని వెలుతురునకును చాలవఱకు ఓర్చును. కాని వీనిని కలములో ఎండనీయరాదు, తఱచుగా కడుగవలెను. నిలుకడ కావలెనన్నచో చిరివేరునాటివలెనే నేడును కొంత శ్రమ తప్పదు.

ఈ శ్రమ ఆడువారి వ్రాతల విషయమున మఱింత యవసరమని మా దృఢాభిప్రాయము. కరణము కవిలెలును, కచేరీ కాగితములును భద్రపఱచుటకు కొట్లును కావలివాండ్రును ఉండిరి. ఇల్లాలి చేతివ్రాతకు కావలి లేదు. ఆమె ఉత్తరములు దిండుక్రిందను, బియ్యపు డబ్బాలోను దాగియుండి, అవసరము తీరినపుడు పొయ్యిలోనికి పోయినవి. చదువుకొన్న తరములు రెండు మూడు గడచిన పిమ్మటనైన ఆ వ్రాతలు మిగులవలదా? ఇంటింట ఒక నోటుపుస్తకము నుంచి, మొదటి పుటలో ఏ తేదిన ఏ సిరాతో ప్రారంభించినదియు వ్రాసి, నిలువవలసినదానిని నిలుచు సిరాతో వ్రాయుడు. ఇదివఱకే గులాబితో వ్రాసిన జాబులలో ఇష్టమైనవి యున్నచో వానిని వెలుతురు తగులని పెట్టెలో నుంచి, అక్షరములు కనబడుచుండగనే నకలు వ్రాసికొనుడు. ఈ పనికి ఒక ఆదివారము చాలును.